తూకం తెలిసిన తుపాకీలు

ఏనుగు, ఆఫ్రికా అడవిదున్న, సింహం వంటి ఎదురుతిరిగే జంతువుల వేటకు రైఫిల్‌ను ఎంచుకొనేవారు తూటా ఎంత పెద్దదన్న విషయాన్ని గంటలకొద్దీ చర్చిస్తారు గాని, దానిని పేల్చే తుపాకీ ఎంత బరువుండాలన్నది మాత్రం చివరి నిమిషంలో తలచుకొంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలోనూ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనూ లండన్, బర్మింగ్‌హామ్ నగరాల తుపాకీ నిపుణులు జోడుగొట్టాల రైఫిల్‌ను ఏ స్థాయికి చేర్చారో గమనిస్తే, వారి ప్రతిభలో అధికభాగం ఆ బరువును నిర్ణయించడంలోనూ, దానిని తుపాకీలో ఎక్కడ నిలపాలో ఎరగడంలోనూ ఉన్నదని తెలుస్తుంది.

తూటా పేలి గుండు ముందుకు దూసుకుపోయినప్పుడు తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దుతుంది. దీనినే తుపాకీ తన్నడం అంటారు. ఒకే రకం తూటాను పేల్చినంతవరకు, తుపాకీ బరువు పెరిగేకొద్దీ ఈ తన్నులోని శక్తి తగ్గుతుంది. ఉదాహరణకు .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటా 32 గ్రాముల గుండును సెకనుకు 655 మీటర్ల వేగంతో విసురుతుంది. దానిని 5 కిలోల రైఫిల్‌కు బదులు 4 కిలోల రైఫిల్‌తో పేలిస్తే భుజానికి తగిలే దెబ్బ పావువంతు పెరుగుతుంది. దెబ్బకు జంకినవాడు మీట నొక్కే ముందే కళ్లు మూసుకొంటాడు, గురి తప్పుతుంది, గాయపడిన జంతువు పొదల్లోకి పోతుంది. అందువల్లనే .375 మాగ్నమ్‌కు 4 కిలోల పైచిలుకు, .470కు 5 కిలోల దరిదాపు, 48 గ్రాముల గుండు పేల్చే .577కు 6 కిలోలు, 58 గ్రాముల గుండు గల .600కు 7 కిలోలు అన్న కొలతలు పరంపరగా స్థిరపడ్డాయి.

నల్ల తుపాకిమందు కాలంలో ఈ కొలత కుదరక పడిన పాట్లు అందరికీ తెలిసినవే. వేటగాడు శామ్యూల్ బేకర్ 'బేబీ' అని పేరు పెట్టుకొన్న హాలండ్ తయారీ తుపాకీ 9 కిలోలు తూగినా, అరపౌను గుండును పేల్చినప్పుడల్లా ఆ దృఢకాయుణ్ణి గిర్రున తిప్పివేసేది. మరో వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్ యౌవనంలో నాలుగు ఔన్సుల గుండును 6 కిలోలైనా లేని చవక తుపాకీతో పేల్చి, ఆ తన్నులు తన నరాలను దెబ్బతీశాయని తరువాత వాపోయాడు. అంత గుండుకు అంత తేలిక తుపాకీని అమ్మినవారిని ఏమనాలి? పొగలేని కార్డైట్ మందు వచ్చి, 1898లో రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ను వెలువరించిన తరువాత గాని ఈ బాధకు విరుగుడు దొరకలేదు. 1907లో భారతదేశంలో .450 కొలత తూటాలపై నిషేధం వచ్చినందున .465, .470, .475 వంటివి ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

అయితే త్రాసు చూపే బరువుతో కథ ముగియదు. మంచి జోడుగొట్టాల రైఫిల్‌లో బరువంతా రెండు చేతుల నడుమ, గొట్టాలు వంగి తెరుచుకొనే కీలు దాపున, చక్కగా సర్దిన కావడి వలె కుదురుకొని ఉంటుంది. అందుకోసం పనివాడు గొట్టాన్ని తూటా కూర్చొనే మొదలు వద్ద దళసరిగా ఉంచి, మూతివైపు పోనుపోను వెంట్రుకవాసి లెక్కతో ఆకురాయి పట్టి పలుచన చేస్తాడు; మడమకు వాడే అక్రోటు కర్రలో సాంద్రత ఏ చెక్కలో ఎంత ఉంటుందో చూపుతోనే పోల్చుకొంటాడు. ఇలా కుదిరిన 5 కిలోల రైఫిల్ భుజానికి ఎత్తితే సరిగా కుదరని 4 కిలోలదానికన్నా చురుకుగా తిరుగుతుంది. మూతి బరువైన రైఫిల్ ఎంత తేలికదైనా వేగంగా కదిలే జంతువు వెంట పోలేక వెనకబడుతుంది.

రెండు గొట్టాల గుండ్లనూ ఒకేచోటికి చేర్చే పని ఇంతకన్నా అద్భుతమైనది. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకీ పైకీ కుడికీ, ఎడమది పేలినప్పుడు పైకీ ఎడమకూ జరుగుతుంది గనుక, గొట్టాలను సమాంతరంగా కాక మూతివైపు కాస్త దగ్గరగా వంచి అతుకుతారు. నిపుణుడు పేల్చి చూసి, టంకం కరగించి, మూతి దగ్గర గొట్టాల నడుమ ఇరికించిన ఉక్కు ముక్కను ఇసుమంత జరిపి, మళ్లీ పేల్చి, రెండు గుండ్లూ పక్కపక్కన పడేదాకా రోజుల తరబడి ఇదే పని చేస్తాడు. గుండు గొట్టంలో ఉన్న ఆ క్షణకాలంలో తుపాకీ ఎంత జరుగుతుందన్నది దాని బరువునుబట్టి ఉంటుంది కాబట్టి, ఈ అమరిక ఆ ఒక్క తూటాకూ ఆ ఒక్క తూకానికీ మాత్రమే చెల్లుతుంది.

ఈ పనితనంలో హాలండ్ అండ్ హాలండ్ 'రాయల్' నగిషీలకు మురిసేవారు ఎందరున్నా, భారీ తూటాల విషయంలో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెస్ట్‌లీ రిచర్డ్స్‌కే అగ్రతాంబూలం ఇవ్వవలసి ఉంటుంది. పక్కపలకలపై పేల్చే యంత్రాన్ని అమర్చే లండన్ పద్ధతిలో తన్నును భరించవలసిన చోటనే కర్రను తొలచివేయక తప్పదు. యంత్రాన్ని లోహపు పెట్టెలో ఇమిడ్చే బర్మింగ్‌హామ్ పద్ధతిలో ఆ కర్ర నిలిచి ఉంటుంది, పైగా 1897 నాటి ఏర్పాటుతో యంత్రాన్ని చేతితోనే ఊడదీసి అడవిలోనే మార్చుకోవచ్చు. జేమ్స్ సదర్లాండ్ వంటి ఏనుగుల వేటగాడు ఈ సంస్థ .577ను నమ్ముకొన్నాడంటే ఊరికే కాదు.

తేలిక తుపాకీయే చాలనే ప్రతిపక్షానికీ మహానుభావులున్నారు. డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను కొట్టిన లెక్కలో అధికభాగం తేలికైన .275 రిగ్బీతోనే సాధించాడు. అయితే ఏనుగు పుర్రెను నిలువునా కోయించి మెదడు చోటును కంఠస్థం చేసిన ఆ నిబ్బరాన్ని దుకాణంలో కొనలేము. 1930లో చౌగఢ్ పులి మలుపు చాటున మెరుపులా ఎదురైనప్పుడు, ఎడమచేతిలో పక్షిగుడ్లు పట్టుకొని ఉన్న జిమ్ కార్బెట్ కుడిచేత్తోనే తుపాకీ తిప్పి కాల్చగలగడానికి అది తేలిక రైఫిల్ కావడమే కారణమని ఆయనే రాశాడు. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలోనూ ఉన్నది మీటకింది పిడిని ఆడించి తూటా మార్చే .405 వించెస్టరే. పులి ఒళ్లు వేరు, ఏనుగు ఎముక వేరు; పులికి సరిపోయిన తూకాన్ని ఏనుగుకు ప్రమాణం చేయడం తగదు.

నేటి దుస్థితిని చూస్తే ఆగ్రహం ఆపుకోవడం కష్టం. ప్లాస్టిక్ మడమలు తగిలించి మూడు కిలోలకు కుదించిన రైఫిళ్లలో భీకరమైన తూటాలు నింపి, తన్ను భరించలేనివారికి చిల్లుల మజిల్ బ్రేక్‌ను మూతికి బిగించి అమ్ముతున్నారు. ఆ చిల్లుల్లోంచి పక్కకు ఎగజిమ్మే మోత ఏ జీతానికో జాడ తీసే పక్కవాడి చెవులను బలిగొంటుంది. తేలిక తుపాకీ కొన్న తరువాత మడమలో సీసం దిమ్మ దూర్చి తూకం సరిచేశామనుకొనేవారు, ఆ బరువు భుజం దగ్గరే పేరుకొని మూతిని గాలిలోకి లేపుతుందని గ్రహించరు. నకిలీల బెడద కొత్తది కాదు: వెస్ట్‌లీ రిచర్డ్స్ కీర్తిని కాజేయడానికి బెల్జియం కార్ఖానాలు 'డబ్ల్యూ. రిచర్డ్స్' అని చెక్కిన చవక తుపాకులను ఎగుమతి చేయడం ఒకప్పటి బహిరంగ మోసమే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో భారతదేశంలో వేటకు తెరపడడం మొదలైంది, అది ముగియవలసినదే. కాని ఆ తుపాకులలోని పనితనానికి ఆ శిక్ష వర్తించదు. పాత లైసెన్సులతో ఇళ్లలో మిగిలిన జోడుగొట్టాల రైఫిళ్లను తుప్పుకు వదలక, దుర్భిణి బిగించడానికి వాటికి చిల్లులు పెట్టక, మోయడానికి వీలని గొట్టాలు కోయించక, అమ్మదలచినా ముందు తెలిసినవారి చేత తూచి చూపించుకోవాలి. అంగుళం గొట్టం కోసినా, పావుకిలో అద్దాలు మోపినా ఆ రెండు గుండ్లు మళ్లీ ఒకచోట పడవు; వాటిని తిరిగి కలపగల చేతులు బర్మింగ్‌హామ్‌లోనే ఇప్పుడు కొద్దిపాటివి.