ఒత్తు తెగకుండా అమర్చే విద్య

‘రద్దు’ అని రాసిన బటన్ మీద కింది ఒత్తు సగానికి తెగి, చూసేవాళ్ళకు ‘రదు’లా కనబడితే నా కడుపు రగిలిపోతుంది. ఆ బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచింది. తెలుగు పెట్టేటప్పుడు మళ్ళీ కొలిచినవాడు లేడు. బటన్‌ను నాలుగు పిక్సెళ్ళు పెంచి, దాని కిందివాటిని అంతే మేర జరిపితే తీరిపోయే పని అది. కానీ ఆ జరపడం ఒక విద్య. బటన్ లాంటి పిల్ల కంట్రోల్‌ను వెతికి పట్టుకుని, తోబుట్టువుల వరస చెడకుండా కొత్త చోట కూర్చోబెట్టిన మంచి కోడ్ చదివితే నాకు నేర్పరి నేసిన చీర అంచు చూసినట్టుంటుంది.

విండోస్ 1985లో వచ్చింది.  అందులో బటనూ ఒక విండోయే, టెక్స్ట్ బాక్సూ ఒక విండోయే. ప్రతిదానికీ ఒక హ్యాండిల్ (గుర్తింపు సంఖ్య), ఒక క్లాస్ పేరు, పైన ఒక పేరెంట్. ఇదొక ఉమ్మడి కుటుంబం. ఈ చుట్టరికాలు తెలియనివాడు ఆ ఇంట్లో చెయ్యి పెట్టకూడదు. 1988లో వచ్చిన చార్లెస్ పెట్‌జోల్డ్ పుస్తకం ‘ప్రోగ్రామింగ్ విండోస్’ ఆ చుట్టరికాలను ఒక తరానికి ఓపిగ్గా నేర్పింది.

ముందు వెతకడం. దానికి విండోస్ ఇచ్చే ఫంక్షన్లు కొన్ని ఉన్నాయి. గెట్‌డ్లగ్‌ఐటమ్‌కు కంట్రోల్ నంబరిస్తే చాలు, కానీ అది సొంత పిల్లలనే చూస్తుంది. ఫైండ్‌విండోఎక్స్ క్లాస్ పేరుతోనూ, పైన రాసిన మాటతోనూ వెతుకుతుంది. అదీ ఒక్క తరం వరకే, మనవల దాకా వెళ్ళాలంటే మెట్టు మెట్టుగా దిగాలి. ఎనమ్‌చైల్డ్‌విండోస్ మనవలనూ మునిమనవలనూ వరసగా చూపిస్తుంది, మధ్యలో ఒకటి స్థానం మారినా తడబడదు. గెట్‌విండోతో ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే, వరస మారిన క్షణంలో అంతులేని చక్రంలో చిక్కుకోవచ్చు.

అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో మాకు విజువల్ బేసిక్ (వీబీ) 6 నేర్పిన మాస్టారు ఈ విద్యలో దిట్ట. ‘థండర్‌టెక్స్ట్‌బాక్స్’ అన్న క్లాస్ పేరుతో వెతికే నా కోడ్, ప్రోగ్రాము రాసే చోట చక్కగా పనిచేసింది. ఈఎక్స్‌ఈ చేశాక బాక్సే దొరకలేదు. ఆయన విండోల వివరాలు చూపే స్పై++ తెరిచి, గురి గుర్తును లాక్కెళ్ళి బాక్సు మీద వదిలారు. అక్కడున్న పేరు ‘థండర్‌ఆర్‌టీ6టెక్స్ట్‌బాక్స్’. “ఊహించి రాయకయ్యా, చూసి రాయి” అన్నారు. వీబీ లేబుల్‌కు సొంత విండోనే ఉండదనీ, దానికోసం హ్యాండిల్ వెతకడం వృథా అనీ ఆ పూటే చెప్పారు.

అమర్చడం ఇంకా సున్నితమైన పని. గెట్‌విండోరెక్ట్ స్క్రీన్ మూల నుంచి కొలిచి చెబుతుంది. సెట్‌విండోపోస్‌కు మాత్రం పిల్ల విండో కొలత పేరెంట్ లోపలి మూల నుంచి కావాలి. ఈ తేడా మరిచినవాడి బటన్ ఎక్కడికో ఎగిరిపోతుంది. నిపుణులు మ్యాప్‌విండోపాయింట్స్‌తో రెండు మూలలనూ ఒకేసారి మార్పిస్తారు. ఉర్దూ కోసం కుడి నుంచి ఎడమకు తిప్పిన విండోలో కూడా అప్పుడు కుడి ఎడమలు తారుమారు కావు.

వరస సంగతి మరీ ముఖ్యం. సెట్‌విండోపోస్‌కు ‘వరస మార్చకు’ అన్న గుర్తు ఇవ్వకుండా, ఎవరి తర్వాత అన్నచోట సున్నా పెడితే, జరిపిన కంట్రోల్ తోబుట్టువులందరికీ ముందుకు పోతుంది. ట్యాబ్ కీ నడిచేది ఆ వరసలోనే. అన్నిటికన్నా ముందు పేరు రావాల్సిన చోట ‘రద్దు’ వస్తుంది. మౌస్ వాడేవాడికి తేడా తెలియదు. కీబోర్డు మీదే ఆధారపడ్డ అంధుడైన ఉద్యోగికి ఆ ఫారమ్ అడవి అయిపోతుంది.

ఇరవై కంట్రోళ్ళను కదపాలంటే బిగిన్‌డిఫర్‌విండోపోస్‌తో మొదలుపెట్టి, ఒకే పేరెంట్ పిల్లలందరి కొత్త చోట్లూ రాసుకుని, చివర ఒక్కసారిగా జరిపించాలి. మినుకు మినుకుమనకుండా మొత్తం ఫారమ్ కదిలే ఆ క్షణం ఎంత ముచ్చటగా ఉంటుందో!

విండోస్ కట్టిన పాతవాళ్ళ ముందుచూపుకు దండం పెట్టాలి. డైలాగ్ కొలతలను వాళ్ళు పిక్సెళ్ళలో రాయలేదు. అక్షరం సగటు వెడల్పులో నాలుగో వంతు అడ్డానికి, ఎత్తులో ఎనిమిదో వంతు నిలువుకు. పొడవైన ఫాంటు ఇస్తే డైలాగ్ తనంతట తానే పెరుగుతుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి తెలుగు ఫాంటు రాకముందే మన ఒత్తుకు చోటు పెట్టిన లెక్క అది!  నా ఓటు ఎప్పుడూ విండోస్‌లో ఇలా చేత్తో కొలిచి అమర్చే విన్32 పద్ధతికే.

ఇప్పుడు చూడండి. కంట్రోల్‌ను వెతకరు. స్క్రీన్ మీద ఫలానా చుక్క దగ్గర మౌస్ నొక్కే మ్యాక్రో రాసి, దాన్నే ఆటోమేషన్ అంటారు. స్కేలింగ్ 125 శాతం చేస్తే 96 పిక్సెళ్ళ దూరం 120 అవుతుంది, ఆ నొక్కుడు గాలిలో పడుతుంది. ఇది నకిలీ పని! మరికొన్ని ప్రోగ్రాముల మీద స్పై++ పెడితే ఒక్క పెద్ద విండో తప్ప లోపల పిల్లలే కనబడరు. బటన్లన్నీ బొమ్మలు. అవి ఏమిటో రాసినవాడు విడిగా చెబితేనే స్క్రీన్ రీడర్‌కు తెలుస్తుంది. చెప్పకపోతే వినేవాడికి మిగిలేది నిశ్శబ్దం. ఇంత ఇల్లు కట్టి గదులకు తలుపులు పెట్టనివాణ్ణి మేస్త్రీ అంటామా?

కోచింగ్ నడిపే అయ్యలారా, ఒక్క వారం ఈ విద్యకు ఇవ్వండి. తెలుగు చేసేవాళ్ళారా, బాక్సు చాలలేదని మాటను కత్తిరించకండి, బాక్సును పెంచమని అడగండి. ప్రోగ్రామర్లారా, పని అయిపోయిందనుకున్నాక ప్రతి బటన్ మీదా ‘రాష్ట్రం’ అని రాయండి. స్కేలింగ్ 150కి పెట్టండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ నొక్కుతూ చివరిదాకా వెళ్ళండి. ష కింద టావత్తూ, దానికి చుట్టుకున్న రావత్తూ రెండూ నిండుగా కనబడిన రోజున మీ పని పూర్తయినట్టు.