రివర్స్ వేస్తే తన్నే బండి

ఆటోమేటిక్ కారు రివర్స్ వేయగానే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదిపిందంటే చాలా షెడ్లలో మొదట వినిపించే మాట ఒకటే: “గేర్‌బాక్స్ దించాలి సార్.” పనితనం తెలిసిన మేస్త్రీ మాత్రం ఆ మాటను చివరికి దాచుకుంటాడు. ముందు ప్రశ్నలు వేస్తాడు. ఎప్పుడు తంతోంది? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, ట్రాఫిక్‌లో గంట తిరిగాకా? పీ నుంచి లాగితేనా, ఎన్ నుంచి వేసినా అంతేనా? వేసిన వెంటనేనా, కాసేపు ఊరుకుని ఆ తర్వాతా? వీటికి సరైన జవాబు రాబడితే సగం పని పానా పట్టకుండానే అయిపోతుంది.

రివర్స్‌లోనే ఎందుకు? టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్సులో గేరును పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషర్. రివర్స్‌లో క్లచ్ ప్లేట్ల మీద భారం ఎక్కువ. అవి జారకుండా చాలా గేర్‌బాక్సుల్లో ఆ ఒక్క గేరుకు ప్రెషర్ పెంచుతారు. పైగా అప్పటిదాకా ముందుకు ఒరిగి ఉన్న పళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి ఒరగాలి. డిఫరెన్షియల్ పళ్ల సందు, యాక్సిల్ జాయింట్లలో ప్లే, ఇంజిన్ మౌంటింగ్ రబ్బరులో వదులు, ఒక్కొక్కటీ చూస్తే కొంచెమే. అన్నీ కలిస్తే ఒకే దెబ్బగా వినిపిస్తాయి.

పీ నుంచి తీసినప్పుడే టక్కుమంటే గేర్‌బాక్సును అనుమానించకండి. పీలో ఉన్న బండిని కదలకుండా పట్టేది లోపలి చిన్న ఇనుప కొక్కెం. సెల్లార్ ర్యాంపు మీద హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పీలో వదిలేస్తే బండి బరువంతా దాని మీదే పడుతుంది, తీసేటప్పుడు ఎగిరి ఊడుతుంది. బ్రేకు తొక్కి ఉంచి ఎన్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు కాస్త సడలించి, బరువు హ్యాండ్‌బ్రేక్ మీదకు చేరాక పీ వేస్తే సరిపోతుంది. పైసా ఖర్చు లేదు.

తర్వాత చూడాల్సింది ఆర్‌పీఎం ముల్లు. వేడెక్కిన పెట్రోలు బండి ఏడెనిమిది వందల దగ్గర నిలవాలి. చల్లటి ఇంజిన్ వెయ్యి దాటి తిరుగుతున్నప్పుడు రివర్స్ వేస్తే ఏ బండైనా కాస్త తంతుంది. ముల్లు దిగేదాకా ఆగాలి. వేడెక్కాక కూడా దిగకపోతే థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్‌నో, పగిలిన వాక్యూమ్ గొట్టాన్నో వెతకాలి.

మౌంటింగ్ చూడటానికి ఇద్దరు కావాలి. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరు బ్రేకును గట్టిగా తొక్కి కూర్చోవాలి. రెండోవారు బోనెట్ తెరిచి పక్కన నిలబడాలి, బండి ఎదుట ఎప్పుడూ కాదు. డీ, మళ్లీ ఆర్. ఇంజిన్ కాస్త ఒరిగి ఆగితే పరవాలేదు. పైకి లేచి ధబ్బున పడిందంటే రబ్బరు తెగింది. కొన్ని మౌంటింగుల్లోపల ద్రవం ఉంటుంది. అవి పగిలితే కింది బ్రాకెట్ మీద నల్లటి చార కారి ఉంటుంది. టార్చి వేస్తే చాలు, అంత స్పష్టంగా కనబడుతుంది. గేర్‌బాక్స్ మరమ్మతు డబ్బుతో పోలిస్తే మౌంటింగ్ ధర చిల్లరే.

ఇంకా తేలకపోతే గడియారం తీయాలి. టయోటా సర్వీసు పుస్తకాల్లో ఈ పరీక్ష ఉంది: ఆయిల్ 50 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండగా, ఎన్ నుంచి ఆర్‌కు మార్చిన క్షణం నుంచి గేరు పట్టిన అదురు తెలిసేదాకా ఎంత పట్టిందో కొలవాలి. మూడుసార్లు, మధ్యలో నిమిషం చొప్పున విరామమిచ్చి సగటు తీయాలి. రివర్స్‌కు 1.5 సెకన్లు, డీకి 1.2 సెకన్లు దాటకూడదు. నాకు ఎంతో నచ్చిన పరీక్ష ఇది. ఆలస్యంగా పట్టి తన్నితే ఆయిల్ తగ్గిందనో, సీళ్లు కారుతున్నాయనో, ప్లేట్లు అరిగాయనో అనుమానించాలి. ఆలస్యం లేకుండా తన్నితే ప్రెషర్ మోతాదు మించిందేమో చూడాలి. వైరింగులోనో సోలెనాయిడ్‌లోనో లోపం కనబడితే ప్లేట్లు జారకుండా ప్రెషర్‌ను గరిష్ఠానికి వదిలేసే గేర్‌బాక్సులు చాలా ఉన్నాయి. అక్కడ స్కానర్ పెట్టాల్సిందే.

ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి చూస్తారు. ఎర్రగా ఉంటే బాగున్నట్టు. గోధుమరంగుకు తిరిగితే పాతబడింది. మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీరంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఇంకొక్క కిలోమీటరు కూడా నడపొద్దు. డిప్‌స్టిక్ లేని కొత్త బండ్లలో ఈ సౌకర్యం లేదు. ఆ ఆయిల్‌ను జీవితాంతం మార్చక్కర్లేదన్న మాటను మాత్రం నేను నమ్మను.

2014లో మారుతి సెలెరియోతో మన రోడ్ల మీదికొచ్చిన ఏఎంటీ వ్యవహారం వేరు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ను మీ కాలికి బదులు యాక్చుయేటర్ తొక్కుతుంది. అక్కడ జర్కు వస్తే క్లచ్ అరుగుదల చూసి, కంప్యూటర్‌కు క్లచ్ పట్టే చోటును మళ్లీ నేర్పించాలి.

అమెరికా వెళ్లి పాత కారు కొనుక్కునే మన పిల్లలు ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఉంచాడేమో అడగండి, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. గట్టిపడిన సీళ్ల గుట్టు చల్లటి రివర్స్‌లో బయటపడుతుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు హైవే మీద తిప్పి, ఆగి, మళ్లీ రివర్స్ వేయండి. ఆయిల్ పలచబడ్డాక తన్నే బండ్లూ ఉంటాయి.