ప్రజారోగ్య విద్యార్థికి తొలి గ్రంథము

ప్రజారోగ్యశాస్త్రమును విశ్వవిద్యాలయమున చదువగోరువారు మొదట లండను వైద్యుడు జాన్ స్నో కలరా వ్యాప్తినిగూర్చి వ్రాసిన గ్రంథమును (రెండవ కూర్పు, 1855) చూడవలెను. అందరును బ్రాడ్ స్ట్రీట్ పంపు కథనే చెప్పుదురు. అంతకన్న విలువైనది రెండు నీటి కంపెనీల పోలిక. ఒకే వీధిలో పక్కపక్క ఇండ్లకు వేర్వేరు కంపెనీల నీరు వచ్చెడిది. 1854 కలరాలో మొదటి ఏడు వారములలో, థేమ్సునది మురుగునీరు త్రాగిన పదివేల ఇండ్లకు 315 మరణములు. ఎగువ నీరు త్రాగినవాటికి 37. తమ నీరు ఏ కంపెనీదో పలువురికి తెలియదు. మురుగునీటిలో ఉప్పు ఎక్కువ గనుక స్నో సిల్వర్ నైట్రేటు కలిపి, తెల్లని అవక్షేపమునుబట్టి తేల్చెను. మన హైస్కూలు ప్రయోగమే! క్రిమిని ఆయన చూపలేకపోయెను, పట్టికలు సుదీర్ఘములు. అయినను ఈ వృత్తిలోని నిత్యకృత్యము ఆ పట్టికలే. నేడు వైద్యపట్టము లేనివారికిని పలుచోట్ల ఎం.పి.హెచ్.లో ప్రవేశమున్నది, లెక్కలు విసుగనిపించువారు మాత్రము చేరకముందే ఆలోచించుకొనవలెను.