అచ్చుల ఆవృత్తి – విమర్శ దృష్టి

ఒకే అచ్చు ఒక వాక్యంలో పదేపదే వినిపించడాన్ని ఈ పాఠంలో ‘అచ్చుల ఆవృత్తి’ అందాం. మన అలంకారశాస్త్రం దీన్ని అంతగా పట్టించుకోలేదు. 11వ శతాబ్దపు మమ్మటుడు అనుప్రాసను చెబుతూ, అచ్చులు వేరైనా హల్లులు కలిస్తే చాలన్నాడు. తెలుగు పద్యంలో ప్రాస కూడా హల్లునే చూస్తుంది. యతి మాత్రం అచ్చును వదలలేదు. ‘క’కు కా, కై, కౌ చెల్లుతాయి, ‘కి’ చెల్లదు. ‘కి’కి కీ, కె, కే చెల్లుతాయి. కాబట్టి అచ్చుల చుట్టరికం తెలుగు చెవికి పాతదే.

అయితే ఆవృత్తి కనిపించిన ప్రతిచోటా శైలి ఉందనుకోకూడదు. ఈ వాక్యం చదవండి:

“ఉప్పల్‌లో బస్సు ఎక్కి, నాచారంలో దిగి, గేటు దాటి, కార్డు చూపి పనిలో చేరాను.”

ఎక్కి, దిగి, దాటి, చూపి – నాలుగు చోట్లా చివర ఇకారమే. అది క్త్వార్థక రూపం వల్ల వచ్చింది. రచయిత ఎంచుకున్న ధ్వని కాదు. ఇప్పుడు దీన్ని పైకి చదవండి:

“నాచారం దాకా ఆగాగి సాగాం.”

ఊరి పేరులోని ఆకారం వాక్యమంతా పాకింది. దీర్ఘానికి రెండు మాత్రలు కనుక నడక బరువెక్కింది. ట్రాఫిక్‌లో చిక్కిన ప్రయాణం చెవికి అందింది. “నాచారం వరకు నిలిచి నిలిచి వెళ్లాం” అని మార్చండి. విషయం మారలేదు, కానీ హ్రస్వాల వల్ల వాక్యం పరుగెత్తింది. ఈ తేడాయే శైలి.

ఇక్కడ తొందరపడి ‘ఆకారం అలసటకు గుర్తు’ అని రాయకండి. “నాచారంలో ఆటా పాటా బాగా సాగాయి” అన్నప్పుడు అదే ఆకారం ఉంది, అలసట లేదు. అచ్చు తనంతట తాను అర్థం చెప్పదు. మాటలు చెప్పిన అర్థానికి వేగాన్నో, బరువునో జతచేస్తుంది. ‘ఇక్కడ ఆకారం ఎనిమిదిసార్లు వచ్చింది’ అని ఆగిపోతే అది లెక్క మాత్రమే. ఆ ఎనిమిదీ వాక్యార్థానికి ఏం చేశాయో చెప్పినప్పుడే విమర్శ మొదలవుతుంది.

అభ్యాసం: మీరు రోజూ వెళ్లే దారి గురించి రెండు వాక్యాలు రాయండి. ఒక మాటకు బదులు పర్యాయపదం పెట్టి, రెండు రూపాలనూ పైకి చదవండి. నడకలో వచ్చిన మార్పును, అది అర్థానికి తోడ్పడిందో లేదో ఐదు పంక్తుల్లో వివరించండి.