ఏడ్చినవాళ్ళూ ఓర్చినవాళ్ళే

సెప్టెంబరు 28 అంటే భిలాయిలో మా క్యాంప్ 1 వాళ్ళకి నియోగి తేదీ. 1991లో ఆ రోజు తెల్లారకముందే కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని భిలాయిలోని ఇంట్లో, నిద్రలో ఉండగానే కాల్చి చంపారు. హైదరాబాదు వాళ్ళకి అదే తేదీ మూసీ తేదీ. 1908లో ఆ రోజు మూసీ నదికి వచ్చిన వరదలో దాదాపు పదిహేను వేల మంది పోయారని అంచనా. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, క్యాలెండరు అలా కుదిరిందంతే. కాకపోతే ఇలాంటివి జరిగిన ప్రతి చోటా మిగిలినవాళ్ళకి చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పే మాట ఒకటే: ఓర్చుకోండి. ముస్లింల ఇళ్ళలో అయితే సబర్ చెయ్యమంటారు. ఆ మాట విన్నవాడికి కళ్ళు తుడుచుకుని, నోరు మూసుకుని, ఉన్నచోటే ఉండమన్నట్టు వినిపిస్తుంది. ఖురాన్‌లో, ప్రవక్త జీవితంలో సబర్‌కి ఉన్న రూపం మాత్రం ఇది కాదు. అక్కడ ఓర్పును కొలిచేది కన్నీళ్ళు ఆగాయా లేదా అని కాదు, మనిషి దేవుణ్ణీ చెయ్యాల్సిన పనినీ వదిలేశాడా లేదా అని.

మూసీ వరదలో కొట్టుకుపోయి బతికి బయటపడ్డ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ సంగతే చూడండి. తల్లి, భార్య, కూతురు, ముగ్గురూ నీళ్ళలో పోయారు. ఆయనొక్కడే మిగిలాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి ఆ రోజు నూట యాభై మంది దాకా బతికారంటారు. చెట్టు కొమ్మ అందిందా లేదా అన్నదానిమీద ప్రాణాలు ఆధారపడ్డ పూట అది. తర్వాత అంజద్ మౌనంగా ఉండిపోలేదు. ఆ వరద మీద కవిత రాశాడు, పోయినవాళ్ళ కోసం అందరికీ వినబడేలా ఏడ్చాడు. దేవుడి మీద భరోసా గురించి రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, రాసి దక్కనంతా పేరు తెచ్చుకున్నాడు. 1961లో చనిపోయాడు. ఓర్చినమ్మకు తేటనీరు అని మన సామెత. అంజద్‌కి ఏ తేటనీరూ రాలేదు, మూసీ తీసుకుపోయినవాళ్ళని తిరిగి ఇవ్వలేదు. ఫలితం కోసం పట్టే ఓపిక బేరంలాంటిది. తిరిగి రానిదాని ముందు నిలబడటం వేరే విద్య.

అంజద్ ఏడవడం నియమం తప్పడమా? యాఖూబ్ ప్రవక్త కథ కాదనే చెబుతుంది. కొడుకులు నెత్తురు పూసిన యూసుఫ్ చొక్కా తెచ్చి తోడేలు తినేసిందన్నప్పుడు, చక్కటి ఓర్పే ఇక నాకు దిక్కన్నారాయన. ఏళ్ళు గడిచాక అదే మనిషి ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడి చూపు పోగొట్టుకున్నారు. ఇలా అయితే నువ్వే పోతావని కొడుకులు విసుక్కుంటే, నా బాధ నేను దేవుడితో చెప్పుకుంటున్నాను, మీతో కాదన్నారు. ఆ వెంటనే, వెళ్ళి యూసుఫ్‌నీ అతని తమ్ముణ్ణీ వెతకండి, దేవుడి దయ మీద ఆశ వదలకండి అని పంపారు. ఏడుపు, మొర, వెతుకులాట, మూడూ ఒకే ఓర్పులో ఉన్నాయి. మూడోదాన్ని మనవాళ్ళు సాధారణంగా మర్చిపోతారు. అయ్యూబ్ ప్రవక్తా అంతే. తనకు కష్టం వచ్చిందని దేవుడికి మొర పెట్టుకున్నారు, అయినా ఖురాన్ ఆయన్ని ఓర్పుగలవాడనే అంది. ముహమ్మద్ ప్రవక్త చంటి కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. మీరు కూడానా అని సహచరుడు ఆశ్చర్యపోతే, ఇది దయ అన్నారు. హద్దు లేదని కాదు. బట్టలు చింపుకోవడం, చెంపలు బాదుకోవడం, దేవుణ్ణి నిందించడం కూడదన్నారు. హద్దు అక్కడ గీశారు, కన్నీటి దగ్గర కాదు.

దేవుడి రాతను ఒప్పుకున్నవాడు ఇక చేతులు ముడుచుకు కూర్చుంటాడు కదా అని ఒక అభ్యంతరం ఉంది. దానికి జవాబు ఖలీఫా ఉమర్ కథలో ఉంది. క్రీ.శ. 639 ప్రాంతంలో షామ్‌కి, అంటే సిరియా ప్రాంతానికి, బయల్దేరిన ఉమర్, ముందు ఊళ్ళలో మహమ్మారి ఉందని విని వెనక్కి తిరిగారు. దేవుడి రాత నుంచి పారిపోతున్నారా అని ప్రవక్త సహచరుడు అబూ ఉబైదా నిలదీశారు. అవును, దేవుడి రాత నుంచి దేవుడి రాతలోకే వెళ్తున్నాను అన్నది ఉమర్ జవాబు సారం. మూసీ విషయంలోనూ ఏడవడంతో పని ఆగిపోలేదు. 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. పోయినవాళ్ళ విషయంలో సబర్, రాబోయే వాన విషయంలో ఆనకట్ట. రెండోది కట్టడం మొదటిదానికి ద్రోహమని ఏ మౌల్వీ చెప్పినా నేను ఒప్పుకోను.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మా ఊరిదే. ఓర్చుకోమనే మాట పైవాడి నోట్లో ఉంటే అది ఆయుధం. జీవించడానికి సరిపడా కూలీ, పక్కా ఉద్యోగం అడిగిన ఠేకా (కాంట్రాక్టు) కార్మికులకి ఓపిక పట్టండని చెప్పేవాళ్ళకు ఇక్కడ ఎప్పుడూ కొదవ లేదు. 1992 జులై 1న భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషన్లో పట్టాల మీద కూర్చున్నవాళ్ళపై పోలీసులు కాల్పులు జరిపితే పదహారు మంది కార్మికులు పోయారు. నియోగి కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2005 వచ్చింది. కాల్చినవాడికి యావజ్జీవం పడింది, మిగతా నిందితులు బయటపడ్డారు. ఇలాంటి చోట సబర్ గురించి రాయడానికి కలం కొంచెం జంకాలి. పైగా ప్రతీకారం తీర్చుకోవచ్చు గానీ ఓర్చుకుంటే మరీ మంచిదన్న మాట ఖురాన్‌లోనే ఉంది, దాన్ని దాచి వాదించడం నిజాయితీ కాదు. అయితే అది ఎవరితో అన్న మాట? ఉహుద్ యుద్ధంలో ప్రవక్త బాబాయి హంజా శవాన్ని శత్రువులు ఛిద్రం చేశాక, అంతకంత బదులు తీర్చుకోవాలనుకున్నవాళ్ళ సందర్భంలో చెప్పారని వ్యాఖ్యాతలు అంటారు. అంటే అది దెబ్బ తిన్నవాడు తన చేతికి తాను వేసుకునే పగ్గం. దెబ్బ కొట్టినవాడు ఎదుటివాడి నోటికి కట్టే గుడ్డ కాదు. అన్యాయానికి గురై ఎదురు తిరిగినవాళ్ళ మీద నింద లేదని అదే గ్రంథం మరోచోట చెబుతుంది.

ఇంకో సంగతి. సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక స్త్రీతో ప్రవక్త, దేవుడి భయం ఉంచుకో, ఓర్చుకో అన్నారు. ఎవరో తెలియక, పోవయ్యా, నా కష్టం నీకు రాలేదులే అని ఆమె కసురుకుంది. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఎవరో తెలిశాక ఆమె పరుగున ఆయన ఇంటికి వెళ్ళింది, ఆ గుమ్మం దగ్గర కాపలావాళ్ళెవరూ లేరని కథనం ప్రత్యేకంగా చెబుతుంది. అసలైన ఓర్పు మొదటి దెబ్బ తగిలినప్పటిదే అని మాత్రం ఆమెతో అన్నారు, ముందు కసురుకున్నందుకు తప్పు పట్టలేదు. సంతాపానికి వెళ్ళి పది నిమిషాల్లో సబర్ మీద ఉపన్యాసం ఇచ్చి లేచే పెద్దమనుషులు ఈ కథలో ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయిన చోటు దగ్గర ఒకసారి ఆగి చూడొచ్చు.