విశ్రాంత పరిశోధకుని శోకం: బ్రిటిష్ టెలివిజన్ అపరాధ పరిశోధన ధారావాహికలపై ఒక రసదృష్టి

వ్యాస సంగ్రహం:
ఉద్యోగ విరమణ చేసిన పోలీసు అధికారి, ఆత్మీయుల మరణంతో కుమిలిపోతూనే ఇతరుల కేసును చేపట్టడం నేటి టెలివిజన్ అపరాధ పరిశోధన నాటకాలలో తరచుగా కనిపించే ఇతివృత్తం. బి.బి.సి. ప్రసారం చేసిన ‘న్యూ ట్రిక్స్’ (2003–2015), ‘ది మిస్సింగ్’ (2014, 2016), దాని కొనసాగింపైన ‘బాప్టిస్ట్’ (2019, 2021) ధారావాహికలలో ఈ ఇతివృత్తం ఎలా నడిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కరుణ, విప్రలంభాల మధ్య భారతీయ ఆలంకారికులు చూపిన భేదం ఇందుకు ప్రధాన ఆధారం.

కీలక పదాలు: అపరాధ పరిశోధన, టెలివిజన్ ధారావాహిక, శోకం, కరుణ రసం, విప్రలంభం, విశ్రాంత పరిశోధకుడు.

1. ఉపోద్ఘాతం:
అపరాధ పరిశోధన కథ ఒక ప్రశ్నతో మొదలై ఒక జవాబుతో ముగుస్తుంది. హత్య చేసిందెవరో తేలితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. చనిపోయిన మనిషి కోసం ఎవరు ఏడ్చారు, ఎన్నాళ్లు ఏడ్చారు అన్నది ఆ కథకు అవసరం లేని విషయం. శోకానికి ఇలాంటి ముగింపు లేదు. నేరస్థుడు దొరికినంత మాత్రాన పోయినవారు తిరిగిరారు. ఈ రెండింటినీ ఒకే పాత్రలో కూర్చడం వల్ల, దుఃఖంలో ఉన్న పరిశోధకుని కథలో మొదటి నుంచే ఒక వైరుధ్యం ఉంటుంది.

పరిశోధకుని ఉద్యోగ విరమణ కొత్త విషయం కాదు. షెర్లాక్ హోమ్స్ చివరి దశలో ససెక్స్ ప్రాంతానికి వెళ్లి తేనెటీగలను పెంచుకున్నాడు. అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన రోజర్ ఆక్రాయిడ్ హత్య నవలలో పొయిరో ఒక పల్లెలో కూరగాయలు పండించుకుంటూ కనిపిస్తాడు. వారిద్దరి విషయంలో విరమణ అలసిన మేధకు విశ్రాంతి, కొంత హాస్యానికి అవకాశం. టెలివిజన్ ఆ ఖాళీ సమయాన్ని శోకంతో నింపింది. పని ఉన్నంతకాలం పక్కకు నెట్టిన దుఃఖం పని లేని ఇంట్లో ఎదురై నిలుస్తుంది. ఈ మార్పు పాత్రకు లోతునిచ్చిందా, లేక ప్రేక్షకుని సానుభూతిని సులువుగా సంపాదించే ఉపాయంగా మిగిలిందా అన్నదే ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. కరుణ – విప్రలంభం: ఒక ప్రమాణం:
నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు కరుణకూ విప్రలంభ శృంగారానికీ తేడా చెప్పాడు. రెండింటిలోనూ కన్నీరు, చింత, నిట్టూర్పు ఉంటాయి. అయితే కరుణ నిరపేక్షం, విప్రలంభం సాపేక్షం. అంటే కరుణలో తిరిగి కలుస్తామన్న ఆశ లేదు, విప్రలంభంలో ఉంది. ఆశ ఉండటం, లేకపోవడం అనే ఒక్క అంశమే అవే అనుభావాలను రెండు వేర్వేరు రసాలుగా విడదీస్తున్నది.

విప్రలంభం శాస్త్రరీత్యా నాయికానాయకుల రతికి సంబంధించినది. దాన్ని తల్లిదండ్రుల ఎడబాటుకు అన్వయించడంపై అభ్యంతరం రావచ్చు. కాని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వత్సలాన్ని ప్రత్యేక రసంగా అంగీకరించాడు. మరణించినవారు తిరిగి లభిస్తారనే ఆశ ఉన్నచోట కరుణ విప్రలంభమనే భేదాన్నీ ఆయన చెప్పాడు. కాబట్టి ఇక్కడ మనం ఆ పేరును కాక, ఆశను ఆధారం చేసుకొని దుఃఖాన్ని విభజించే ఆ పద్ధతిని స్వీకరిస్తున్నాం.

ఈ పద్ధతితో చూస్తే పరిశోధకుని వృత్తికి ఒక కఠినమైన నిర్వచనం దొరుకుతుంది. తప్పిపోయినవారి కేసులో శవాన్ని కనుగొన్న అధికారి ఒక కుటుంబపు సాపేక్ష దుఃఖాన్ని నిరపేక్షంగా మారుస్తాడు. వారి ఆశను అంతం చేసి, ఏడ్చే అధికారాన్ని వారికి ఇస్తాడు. చట్టానికీ ఈ హద్దుతో పని పడింది. ఏడేళ్ల పాటు ఏ కబురూ లేని మనిషిని మరణించినట్లు భావించవచ్చునని భారతీయ సాక్ష్య చట్టం చెబుతూ వచ్చింది. ఇంగ్లండులో 2013లో చేసిన చట్టమూ ఏడేళ్ల గడువునే పెట్టింది. చట్టం గడువు పెట్టగలదు కాని తల్లిదండ్రుల మనసు ఆ గడువును పాటించదు.

3. న్యూ ట్రిక్స్: నిత్యవిధిగా మారిన శోకం:
‘న్యూ ట్రిక్స్’లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖ తేలని పాత కేసులను తిరగదోడటానికి ఒక చిన్న విభాగాన్ని ఏర్పాటు చేస్తుంది. సాండ్రా పుల్‌మన్ అనే అధికారిణి కింద ముగ్గురు విశ్రాంత పోలీసులు పనిచేస్తారు. వారిలో పెద్దవాడు జాక్ హాల్ఫర్డ్. ఆ పాత్రను జేమ్స్ బోలమ్ పోషించాడు. జాక్ భార్య మేరీ మరణించింది. సాయంత్రం ఇంటి తోటలో ఆమె స్మారకం దగ్గర కూర్చుని ఆ రోజు జరిగినవన్నీ ఆమెకు చెప్పుకోవడం అతని అలవాటు.

ఈ తోట సన్నివేశాలు ఆ ధారావాహికలో ఎన్నదగినవి. జాక్ ఏడవడు. కేసు విషయం చెబుతాడు, సలహా అడుగుతాడు, కొద్దిసేపు మౌనంగా ఉంటాడు. దాంపత్యమంటే చాలావరకు ఇలా రోజూ చెప్పుకునే కబుర్లేనన్న ఎరుక ఇందులో ఉంది. మేరీ తిరిగి వస్తుందని జాక్ అనుకోడు. కాబట్టి ఇది నిరపేక్షమైన శోకమే. అయినా వినే మనిషి లేకుండా మాట సాగడంలో సాపేక్షత నీడ కనిపిస్తుంది.

వారం వారం కొత్త కేసుతో మొదలయ్యే రూపం ఈ శోకాన్ని ఎదగనివ్వదు. నూరు దాటిన భాగాలున్న ధారావాహికలో పాత్రలు ప్రతి వారం దాదాపు మొదటి స్థితికే రావాలి. అందువల్ల జాక్ దుఃఖం నిత్యవిధిలా స్థిరపడింది. ఇది లోపంగా కనిపించినా, వృద్ధాప్యంలో ఒంటరిగా మిగిలిన మనుషుల శోకం నిజానికి ఇలాగే ఉంటుంది. అది ఏ మలుపూ తిరగక దినచర్యలో కలిసిపోతుంది. ఆ విధంగా రూపానికున్న పరిమితి ఇక్కడ వాస్తవానికి దగ్గరైంది.

మేరీ మరణానికి రికీ హాన్సన్ అనే నేరస్థుడు బాధ్యుడని చూపిన ఘట్టాల్లో మాత్రం ధారావాహిక తన బలాన్ని తానే పోగొట్టుకుంది. వాహనంతో ఢీకొట్టి పారిపోయినవాడు దొరకగానే జాక్ శోకానికి ఒక గురి ఏర్పడింది. స్థాయిభావం శోకం నుంచి క్రోధానికి మారి, కరుణ రౌద్రానికి చోటిచ్చింది. ప్రేక్షకునికి ఉత్కంఠ దక్కింది కాని తోటలోని నిశ్శబ్దం దూరమైంది. భార్య మరణం అనుభవంగా ఉన్నప్పుడు గొప్పగా ఉన్న పాత్ర, ఆ మరణం కేసుగా మారగానే సాధారణ ప్రతీకార నాయకుని స్థాయికి దిగింది.

4. ది మిస్సింగ్: శవం దొరకని కథ:
హ్యారీ, జాక్ విలియమ్స్ సోదరులు రచించిన ‘ది మిస్సింగ్’ మొదటి శ్రేణి 2014లో ఎనిమిది భాగాలుగా వచ్చింది. 2006 వేసవిలో టోనీ, ఎమిలీ హ్యూస్ దంపతులు ఐదేళ్ల కొడుకు ఆలివర్‌తో ఫ్రాన్స్‌లో విహారానికి వెళ్తారు. కారు చెడిపోవడంతో ఒక చిన్న ఊళ్లో ఆగుతారు. ప్రపంచకప్ ఫుట్‌బాల్ చూసే గుంపులో తండ్రి చెయ్యి వదిలిన పిల్లవాడు మాయమవుతాడు. ఆ కేసును నడిపిన ఫ్రెంచి అధికారి జూలియన్ బాప్టిస్ట్. చెకీ కార్యో ఆ పాత్రధారి. ఎనిమిదేళ్ల తరువాత, విశ్రాంత జీవితం గడుపుతున్న బాప్టిస్ట్ టోనీతో కలిసి మళ్లీ వెతుకులాట మొదలుపెడతాడు.

కథ రెండు కాలాల మధ్య నడుస్తుంది. ఈ కాలవిభజన కేవలం ఉత్కంఠ కోసం కాదు. టోనీ మనసులో 2006 ఇంకా గడిచిపోలేదు. ఎమిలీ మరో పెళ్లి చేసుకొని ముందుకు నడవటానికి ప్రయత్నిస్తుంది. ఒకే బిడ్డను పోగొట్టుకున్న ఇద్దరిలో ఒకరు కరుణ వైపు కదిలారు, ఇంకొకరు విప్రలంభంలోనే ఉండిపోయారు. వారి వివాహం విచ్ఛిన్నం కావడానికి పరస్పర ద్వేషం కంటే ఈ భేదమే కారణమని ధారావాహిక చూపగలిగింది.

చివరికి మద్యం మత్తులో కారు నడిపిన హోటల్ యజమాని ఆలివర్‌ను ఢీకొట్టాడని తెలుస్తుంది. దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నంలో పిల్లవాడు హతుడవుతాడు. కాని శవం దొరకదు. జవాబు వచ్చింది, సాక్ష్యం రాలేదు. ఎమిలీ జవాబును స్వీకరిస్తుంది. టోనీ స్వీకరించలేడు. రష్యాలో ఎవరో పిల్లవాణ్ని చూసి తన కొడుకే అనుకుంటున్న టోనీతో కథ ముగుస్తుంది.

ఈ ముగింపు అసంపూర్ణమనుకునే ప్రేక్షకులు ఉంటారు. రసదృష్టితో చూస్తే ఇంతకంటే సరైన ముగింపు సాధ్యం కాదు. అపరాధ కథ పూర్తయింది. నేరం, కారణం, నేరస్థుడు అన్నీ తెలిశాయి. అయినా శవం లేనిదే ఆశ చావదు. విశ్వనాథుడు చెప్పిన కరుణ విప్రలంభంలో మృతులు తిరిగి లభిస్తారు కనుక అక్కడ ఆశకు సార్థకత ఉంది. టోనీ ఆశకు ఆ సార్థకత లేదు. కేసు ముగియడం, దుఃఖం తీరడం ఒకటి కావని ఈ ధారావాహిక తన కథనిర్మాణం ద్వారానే నిరూపించింది.

5. బాప్టిస్ట్: ముద్దాయి లేని మరణం:
మొదటి శ్రేణిలో బాప్టిస్ట్ ఇతరుల శోకానికి సాక్షి. అతని కూతురు సారా మాదకద్రవ్యాలకు బానిసైన అమ్మాయి. భార్య సీలియా అతని వృత్తి వ్యసనాన్ని సహిస్తూ వచ్చిన ఇల్లాలు. ‘బాప్టిస్ట్’ పేరుతో 2021లో వచ్చిన రెండవ శ్రేణికి సారా మరణమే పునాది. మాదకద్రవ్యం మోతాదు మించి ఆమె చనిపోయింది. భార్యాభర్తలు విడిపోయారు. గడ్డం పెరిగి, తాగుడుకు లోనైన బాప్టిస్ట్ హంగేరీలోని బ్రిటిష్ రాయబారి ఎమ్మా ఛాంబర్స్ కేసులో తలదూరుస్తాడు. విహారానికి వెళ్లిన చోట ఆమె భర్త, ఇద్దరు కొడుకులు కనబడకుండా పోయారు. ఎమ్మాగా ఫియోనా షా నటించింది.

ఇక్కడ రచయితలు చేసిన ముఖ్యమైన నిర్ణయం సారా మరణానికి నేరస్థుణ్ని కల్పించకపోవడం. జాక్ హాల్ఫర్డ్‌కు హాన్సన్ దొరికినట్లు బాప్టిస్ట్‌కు ఎవరూ దొరకరు. ఎన్నో ఏళ్లుగా ‘ఎవరు చేశారు’ అని అడగడమే పనిగా బతికిన మనిషికి ఆ ప్రశ్న పనికిరాని మరణం ఎదురైంది. ఆ ప్రశ్న వేసుకుంటే వేలు తనవైపే తిరుగుతుంది. ఆ జవాబు నుంచి పారిపోవడానికే అతడు జవాబు దొరికే అవకాశమున్న మరో కేసును ఆశ్రయించాడు. పరోపకారంగా కనిపించే పరిశోధన ఇక్కడ ఒక పలాయనం.

మరొకరి దుఃఖాన్ని మన దుఃఖానికి మందుగా వాడుకోవచ్చా? ఈ నైతిక ప్రశ్నను ధారావాహిక దాటవేయలేదు. ఎమ్మా కృతజ్ఞతతో కరిగిపోయే బాధితురాలు కాదు. అధికారం, కోపం, తెలివి ఉన్న స్త్రీ. ఏడాది దాటిన కాలవ్యవధిలో ఆమె చక్రాల కుర్చీకి పరిమితమై కనిపిస్తుంది. వెతుకులాట హంగేరీలోని వలసవ్యతిరేక హింస దాకా వెళ్లి, తన సొంత ఇంటివైపే ఆమెను చూడమంటుంది. శోకతప్తులైన ఇద్దరు సమానులుగా ఎదురుపడటం వల్ల ఒకరు మరొకరికి సాధనం మాత్రమే కాకుండా నిలిచారు.

6. మిగిలిన లోపం:
ఈ ధారావాహికలన్నింటికీ ఉమ్మడిగా ఒక లోపం ఉంది. మేరీ, సారా ఇద్దరూ తమ మరణం ద్వారానే కథకు ఎక్కువగా ఉపయోగపడ్డారు. స్త్రీ మరణం పురుషుని ఏకాంతానికి కారణంగా, అతని మొండితనానికి సమర్థనగా మారింది. సీలియా కూడా అదే కూతురిని పోగొట్టుకుంది. పారిపోవడానికి ఆమెకు ఏ కేసూ లేదు. ఆమె దుఃఖం ఇంట్లోనే గడవాలి. కథ అతనితో పాటు హంగేరీకి ప్రయాణించింది కాని ఆమెతో ఇంట్లో కూర్చోలేదు. కూర్చుని ఉంటే అపరాధ పరిశోధన నాటకం అక్కడే ఆగిపోయేది. ఆ మేరకు ఇది రచయితల లోపం మాత్రమే కాక ఆ సాహిత్య రూపపు పరిమితి కూడా.

7. ముగింపు:
పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. పరిశోధకుని శోకానికి ఒక నేరస్థుణ్ని చూపగానే అది క్రోధంగా మారి, కరుణ క్షీణిస్తుంది. శవం లేని చోట అపరాధ కథ పూర్తయినా శోకం తన రూపాన్ని పొందలేదు. ముద్దాయి లేని మరణం ఎదురైనప్పుడే విశ్రాంత పరిశోధకుని పాత్ర తన వృత్తి హద్దును గుర్తిస్తుంది. ఈ మూడింటిలో చివరిదే ఈ తరహా నాటకాలకు సార్థకతనిస్తున్నది.

ఆశను చంపి నిజాన్ని చేతికివ్వడం పరిశోధకుని పని. జీవితమంతా ఇతరుల ఇళ్లలో ఆ పని చేసిన మనిషి తన ఇంట్లో దాన్ని చేసుకోలేకపోవడం బాప్టిస్ట్ కథలోని విషాదం. మేరీకి రోజూ కబుర్లు చెప్పే జాక్ మాత్రం, ఎవరినీ వెతకకుండా, తన దుఃఖం దగ్గరే కూర్చోగలిగాడు. ఉత్కంఠ కోసం చూసిన కథలలో హంతకుని పేరు త్వరగానే మరపున పడుతుంది. ఆ తోటలోని సాయంత్రాలు మాత్రం ప్రేక్షకునికి గుర్తుండిపోతాయి.