ఒప్పుకోలు అడిగిన కాపరులు: ఆర్థర్ మిల్లర్ ‘ది క్రూసిబుల్’ నాటకముపై ఒక పరిశీలన

ఆర్థర్ మిల్లర్ రచించిన ‘ది క్రూసిబుల్’ నాటకము 1953 జనవరి 22న న్యూయార్క్‌లో మొదటిసారి ప్రదర్శింపబడినది. క్రూసిబుల్ అనగా లోహమును కరిగించి శుద్ధిచేసే పాత్ర. సామెతలు 17:3లో మన తెలుగు బైబిలు వాడిన ‘మూస’ అనే మాట దీనికి సరిగా సరిపోతుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో, సేలెమ్ గ్రామము కేంద్రముగా 1692లో జరిగిన మంత్రగత్తెల విచారణలు ఈ నాటకమునకు ఆధారము. ఆ విచారణలలో నూట యాభైమందికి పైగా నిందింపబడ్డారు. 19 మందిని ఉరితీశారు. సుమారు ఎనభై ఏళ్ల గైల్స్ కోరీ న్యాయస్థానము ఎదుట జవాబు చెప్పనందుకు అతనిని బండరాళ్ల క్రింద అణచి చంపారు. చెరసాలలోనే ప్రాణము విడిచినవారు మరికొందరు.

ఈ నాటకమును సాధారణముగా రాజకీయ నాటకముగా చదువుతారు. 1950 ప్రాంతములో అమెరికాలో కమ్యూనిస్టులను వెదికే పేరుతో సాగిన విచారణలే మిల్లర్ మనస్సులో ఉన్నాయన్నది అందరికీ తెలిసినదే. 1956లో ఆయననే అమెరికా కాంగ్రెసు సంఘము ముందుకు పిలిచి, తనతో కూడ సమావేశములకు వచ్చినవారి పేర్లు చెప్పమన్నారు. తన గురించి చెప్పుకున్నాడు గాని ఇతరుల పేర్లు చెప్పలేదు. అందుకు 1957లో ధిక్కార నేరము మోపి శిక్ష వేశారు. 1958లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ చదువులో తప్పు లేదు. అయితే ఈ నాటకములో ఇద్దరు సంఘ కాపరులున్నారు. విమర్శకులు వారిలో ఒకరిని చెడ్డ కాపరిగా, మరొకరిని పశ్చాత్తాపపడిన మంచి కాపరిగా విభజించి ముందుకు వెళ్లిపోతారు. మేము ఈ విభజనను అంగీకరించలేకపోతున్నాము. ఇద్దరూ ఒప్పుకోలును ఒక పనిముట్టుగానే వాడారన్నది మా అభిప్రాయము. ఈ నాటకములో కాపరి చేయవలసిన పని చేసినది కాపరి కాదు, ఒక రైతు భార్య.

రెవరెండ్ పారిస్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తన కుమార్తె కదలక మెదలక పడియుంటే, పారిస్‌కు మొదట తోచినది తనను ఆ పీఠము మీదనుండి దింపాలని చూచే వర్గము దీనిని ఎలా వాడుకుంటుందో అన్న ఆలోచన. జీతము గురించి, కట్టెలకు ఇచ్చే ఆరు పౌండ్ల గురించి, ఇంటి దస్తావేజు గురించి మొదటి అంకములో ఆయన వాదించే తీరు చూస్తే, సంఘ కమిటీ సమావేశములలో కూర్చున్నవారెవరికీ అది కొత్తగా అనిపించదు. బల్లమీద సత్తు దీపస్తంభములుంటే, బంగారువి వచ్చేవరకు ఇరవై వారములు వాటి గురించే ప్రసంగించాడని జాన్ ప్రాక్టర్ ఆరోపణ. ఆ బంగారు దీపస్తంభములే ప్రాక్టర్ ప్రార్థనను చెడగొట్టాయి. అందుకే అతడు పదిహేడు నెలలలో ఇరవైఆరు సార్లే ఆరాధనకు వచ్చాడు, మూడవ కుమారునికి బాప్తిస్మము ఇప్పించలేదు. కాపరి చేసిన ఒక అల్పమైన పని ఆ తరువాత విశ్వాసి మెడకు ఉరి అయినది. ఆరాధనకు రాకపోవుటయే అతని మీద సాక్ష్యమైనది గదా!

రెవరెండ్ హేల్ అటువంటివాడు కాదు. చదువుకున్నవాడు, నిజాయితీ గలవాడు, డబ్బు ఆశ లేనివాడు. బరువైన గ్రంథములు చేతులనిండా మోసుకొని బెవర్లీ నుండి సేలెమ్‌కు వస్తాడు. మన సెమినరీ విద్యార్థులు మొదటి సంఘమునకు వెళ్లేటప్పటి ఉత్సాహము అతనిలో కనబడుతుంది. అయితే మొదటి అంకము చివర అతడు టిటూబాతో మాట్లాడిన విధానమును గమనించాలి. టిటూబా బార్బడోస్ నుండి తెచ్చిన బానిస. ఒప్పుకోకపోతే కొరడాతో చావగొడతానని యజమానియైన పారిస్ బెదిరిస్తాడు, ఉరితీయాలని మరొకడు అరుస్తాడు. వారి మధ్య హేల్ ఒక్కడే మృదువుగా మాట్లాడి, ఆమె చేయి పట్టుకొని, దేవుడు నిన్ను కాపాడును అని ధైర్యము చెప్పి, పేర్లు అడుగుతాడు. బెదిరింపుకు లొంగి ఒప్పుకొన్నదే గాని ఇంకెవరి పేరూ చెప్పని టిటూబా ఈ మృదుత్వమునకు పేర్లు చెప్పినది. మేము ఈ నాటకములో అన్నిటికంటె భయంకరమైన ఘట్టముగా దీనినే భావిస్తున్నాము. కాపరి స్వరములోని ఆదరణే ఇక్కడ ఆయుధమైనది.

దీని వెనుక ఒక చారిత్రక సత్యమున్నది. 1692లో సేలెమ్‌లో నేరమును ఒప్పుకొని ఆ మాటమీద నిలిచినవారిలో ఎవరినీ ఉరితీయలేదు. శామ్యూల్ వార్డ్‌వెల్ అనే వ్యక్తి ఒప్పుకొని, తరువాత ఆ మాట వెనక్కు తీసుకొన్నాడు, అతనిని ఉరితీశారు. అంటే అబద్ధమాడితే ప్రాణము దక్కుతుంది, నిజము చెబితే పోతుంది. ఒప్పుకోలుకు వెల మరొకరి పేరు. సంఘము ఒప్పుకోలును ఇంతగా తలక్రిందులు చేసిన సందర్భములు చరిత్రలో తక్కువేమీ కావు గాని, ఇంత స్పష్టముగా కనబడేవి అరుదు. 1 యోహాను 1:9లోని ఒప్పుకోలులో తన పాపము తప్ప మరొకరి పేరు లేదు.

ఇది దూరదేశపు పాత కథ అనుకొనుటకు వీలు లేదు. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి చేశారన్న అనుమానముతో మనుష్యులను కొట్టుట, పళ్లు ఊడగొట్టుట, చంపుట కూడ మనము పత్రికలలో చదివినదే. ఉపవాస ప్రార్థనకు వచ్చిన కుటుంబము రోగి తలమీద చేయి ఉంచమని అడిగి అంతటితో ఆగదు. “అయ్యగారూ, ఇది ఎవరు చేయించారో చెప్పండి” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా కాపరి నోట ఒక దిక్కు, ఒక బంధుత్వము, ఒక ఇంటి గుర్తు వచ్చినా చాలు. హేల్ చేసిన పని అక్కడే మొదలవుతుంది.

ఇక జాన్, ఎలిజబెత్ ప్రాక్టర్ల ఇంటికి వద్దాము. రెండవ అంకము ఆరంభములో ఒక చిన్న దృశ్యమున్నది. జాన్ పొలమునుండి వచ్చి, పొయ్యిమీద ఉడుకుతున్న కుందేలు కూర రుచి చూచి, భార్య చూడకుండ ఉప్పు వేస్తాడు. తరువాత భోజనమునకు కూర్చొని, ఉప్పు చక్కగా సరిపోయినదని ఆమెనే మెచ్చుకుంటాడు. ఆమె సంతోషముతో ఎఱ్ఱబడుతుంది. ఇది ప్రేమయే, అయినా అబద్ధమే. ఆ ఇంటిలో ఏడు నెలలుగా ఇటువంటి జాగ్రత్తయే రాజ్యమేలుతున్నది. పనిపిల్లయైన అబిగైల్‌తో జాన్ చేసిన వ్యభిచారము బయటపడినది, అతడు ఒప్పుకొన్నాడు, ఆ పిల్లను పంపివేశారు. కాని ఒప్పుకోలుకు తరువాత రావలసినది ఆ ఇంటికి రాలేదు. భార్య తనను ప్రతిదినము న్యాయస్థానములో నిలబెట్టుచున్నదని జాన్ బాధ. తీర్పు తీర్చే న్యాయాధిపతి నీ హృదయములోనే ఉన్నాడని ఆమె జవాబు. ఇద్దరి మాటా నిజమే.

అంతలో హేల్ వచ్చి పది ఆజ్ఞలు చెప్పమంటాడు. జాన్ తొమ్మిది చెప్పి ఆగిపోతాడు. మరచిపోయిన ఆ ఒక్కటి ఎలిజబెత్ మెల్లగా అందిస్తుంది: వ్యభిచారమును గూర్చినది. చూచేవారికి నవ్వు, నొప్పి ఒకేసారి కలుగుతాయి. హేల్ మాత్రము లెక్క తప్పినదనే గ్రహిస్తాడు గాని, ఆ భార్యాభర్తల మధ్య ఇప్పుడే ఏమి జరిగినదో గ్రహించడు. కాటెకిజము అడగడము వచ్చినవారందరికీ ఇల్లు చూడడము రాదు.

జాన్‌ను మేము నిర్దోషిగా చూపదలచలేదు. సత్యము చెప్పించుటకు అతడు తన పనిపిల్ల మేరీ వారెన్‌ను కొరడాతో, కేకలతో బెదిరించి న్యాయస్థానమునకు ఈడ్చుకొస్తాడు. భయముతో తెచ్చిన సాక్షి, అంతకంటె పెద్ద భయము ఎదురైనప్పుడు అతని మీదికే తిరిగినది. పారిస్ టిటూబాపై ఉపయోగించిన పద్ధతికీ దీనికీ భేదమేమి?

మూడవ అంకములో జాన్ తన పాపమును బహిరంగముగా ఒప్పుకుంటాడు. అబద్ధము ఎరుగని స్త్రీ అని తన భార్యను సాక్షిగా పిలవమంటాడు. ఆమెయో, భర్త పేరు కాపాడుటకు జీవితములో ఒకే ఒక్క అబద్ధమాడుతుంది. కూరలో ఉప్పు వేసిన జాగ్రత్తయే ఇక్కడ మరల కనబడుతున్నది, ఈసారి అవతలి వైపునుండి. హేల్ మాత్రమే అది సహజమైన అబద్ధమని గుర్తించి, విచారణను నిరాకరించి బయటకు నడుస్తాడు. అందుకు అతనిని మెచ్చుకొనవలసినదే.

అయితే నాలుగవ అంకములో అతడు తిరిగి వస్తాడు. చెరసాలలో ఉన్నవారితో, అబద్ధముగానైనా ఒప్పుకొని ప్రాణము కాపాడుకొనండి అని బ్రతిమాలుతున్నాడు. జీవము దేవుడిచ్చిన వరములలో గొప్పదనీ, దేనికొరకైనా దానిని పారవేయరాదనీ అతని వాదన. ఈ వాదన తేలికగా త్రోసివేయదగినది కాదు. నిర్గమకాండము 1వ అధ్యాయములోని మంత్రసానులు, యెహోషువ 2లోని రాహాబు ప్రాణములు కాపాడుటకే నిజమును దాచారు గదా అని విద్యార్థులు అడుగవచ్చు. కాని మంత్రసానుల మాట ఇతరుల పిల్లలను బ్రదికించినది. ప్రాక్టర్ చెప్పవలసిన అబద్ధము పక్కగదిలో ఉరికి సిద్ధముగా ఉన్న రెబెక్కా నర్స్ మీద నేరమును ధ్రువపరచేది. హేల్ ఈ తేడాను చూడలేదు. ఇది అపవాది వాదనలా ఉన్నదని ఎలిజబెత్ అన్నది అందుకే.

మరొక విషయము. జాన్ తన మట్టుకు ఒప్పుకొని, ఇతరుల పేర్లు చెప్పనన్నప్పుడు, అది చాలును, సంతకము చేయించండి అని డాన్‌ఫర్త్‌ను వేడుకొన్నది ఇద్దరు కాపరులూ. హేల్ కరుణతో, పారిస్ ప్రాణభయముతో. అబిగైల్ అతని పెట్టెలోని 31 పౌండ్లతో పారిపోయినది, అతని తలుపునుండి కత్తి జారిపడినది. ప్రాక్టర్ వంటి బరువైన పేరు ఊరిని శాంతింపజేస్తుందని అతని లెక్క. ఉద్దేశములు వేరు, కోరినది ఒకటే కాగితము.

ఎలిజబెత్ ఏమి చేసినది? గర్భవతి గనుక ఆమె శిక్ష వాయిదా పడినది. భర్తతో కలిసి మాట్లాడుటకు ఇచ్చిన ఆ కొద్ది సమయములో, ఒప్పుకో అని గాని వద్దు అని గాని ఆమె చెప్పదు. తన పాపమును ఒప్పుకుంటుంది. తనలో అందము లేదనుకొని అనుమానముతోనే ప్రేమించితిననీ, ఇంటిని చల్లబరచితిననీ చెబుతుంది. క్షమించుట తన చేతిలోని బహుమానము కాదనీ, అతడు తన్ను తాను క్షమించుకొననిదే తన క్షమాపణ చాలదనీ అంటుంది. నాటకమంతటిలో ఎవరినీ పట్టి ఇవ్వని, ఏమీ సంపాదించిపెట్టని ఒప్పుకోలు ఇది ఒక్కటే. యాకోబు 5:16లోని ‘ఒకనితో ఒకడు’ అన్నది ఇక్కడ చెరసాల గోడల మధ్య జరిగినది.

ఆ తరువాతనే జాన్ సంతకము చేసి, ఆ కాగితమును మందిరపు తలుపుమీద అంటిస్తారని తెలిసి, చింపివేస్తాడు. తన పేరు కొరకు చచ్చుట హతసాక్షి మరణమా, గర్వమా? హేల్ గర్వమన్నాడు. గర్వము అసలే లేదని మేము అనము. మిల్లర్ కూడ అతనిని పరిశుద్ధునిగా చేయలేదు. ఉరికంబమెక్కుటకు పరిశుద్ధుడిని కానని జాన్ తానే అంటాడు. కాని తన కుమారులకు తాను విడిచిపెట్టే పేరు, స్నేహితుల మరణమునకు సంతకము చేసిన పేరు కాకూడదనుట స్వార్థము కాదు. రెబెక్కా ఎదుట నిలబడి ఉండగా అతనికి ఆ అబద్ధము బరువైనది. సాక్షుల సహవాసము మనిషిని నిలబెట్టే తీరు ఇది.

మిల్లర్‌తో మాకు పేచీ కూడ ఉన్నది. చరిత్రలో అబిగైల్ విలియమ్స్‌కు పదకొండు పన్నెండేళ్లు. నిజమైన ప్రాక్టర్ అరవై ఏళ్లవాడు. వారి మధ్య సంబంధము నాటకకర్త కల్పన. అబిగైల్ వయస్సు పెంచానని ఆయనే ముందుమాటలో చెప్పాడు. రంగస్థలమునకు అది బలమిచ్చినది, కాని సంఘము, న్యాయస్థానము చేసిన పాపము చాలవరకు ఒక పనిపిల్ల కామము మీదికి జారినది. నిజమైన జాన్ హేల్ మనస్సు మారినది తన భార్యయే నిందింపబడిన తరువాత. ఆయన తప్పును విచారించి వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1702లో వెలువడినది. అన్నిటికంటె పెద్ద లోపము జార్జ్ బరోస్ లేకపోవుట. అతడు సేలెమ్ గ్రామమునకే పూర్వపు కాపరి. 1692 ఆగస్టు 19న, జాన్ ప్రాక్టర్‌తోబాటు అదే రోజున, ప్రభువు ప్రార్థనను తప్పు లేకుండ చెప్పి ఉరికంబమెక్కాడు. నిందించిన కాపరిని, చింతించిన కాపరిని చూపిన మిల్లర్, చనిపోయిన కాపరిని వేదికమీదికి తేలేదు.

మరొక ఘట్టము కూడ నాటకమునకు వెలుపలనే ఉండిపోయినది. నిందించిన బాలికలలో ఒకతెయైన ఆన్ పుట్‌నమ్, 1706లో సంఘ సభ్యత్వము కోరినప్పుడు, పారిస్ తరువాత వచ్చిన కాపరి జోసెఫ్ గ్రీన్ ఆమె ఒప్పుకోలును మందిరములో చదివాడు. ఆమె లేచి నిలబడినది. రెబెక్కా నర్స్‌ను, ఆమె ఇద్దరు సహోదరీలను నిందించినందుకు ప్రత్యేకముగా దేవుని, వారి బంధువులను క్షమాపణ వేడినది. అయితే అది సాతాను మోసమనీ, కోపముతో గాని పగతో గాని చేయలేదనీ కూడ అందులో చెప్పినది. ఆ మాట విని నర్స్ కుటుంబీకుల మనస్సులో ఏమి కదిలినదో ఏ నాటకకర్తయూ ఇంకను వ్రాయవలసియే ఉన్నది. ఆమెను సంఘములో చేర్చుకొన్నారు. వెలివేయబడి ఉరితీయబడిన రెబెక్కా పేరుమీది వెలిని సంఘము తీసివేసినది మరి ఆరేళ్లకు, 1712లో.